అజరయ్య అధ్యక్షులు – తాగుడు అను దయ్యము

శతాబ్ది సంచిక కొరకు, గతించిన దైవసేవకులలో ఒకరి జీవితమును వ్రాసి పంపుమని సంపాదకవర్గమువారు మమ్మును కోరినారు. మేము పల్నాటిలో గురువుగా పనిచేయుచున్నాము గనుక, 1849లో గురజాలకు వచ్చిన హేయరుగారిని గూర్చి వ్రాయుదుమని వారు తలంచి యుండవచ్చును. ఆ మహనీయుని గూర్చి వ్రాయగలవారు మాకంటె సమర్థులు అనేకులు కలరు. మేము పొందుగుల వద్ద కృష్ణను దాటి, ఆవలి ఒడ్డున చాలా దూరము పోయి, దోర్నకల్ ప్రథమ అధ్యక్షులైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారిని ఎన్నుకొన్నాము.

కారణము మా ఊరిలోనే ఉన్నది. దాచేపల్లిలో గురువునకు ఆదివారము ఉదయముకంటె శనివారము రాత్రియే కష్టమైనది. నాపరాతి గనులలోను, సున్నపు బట్టీలలోను పనిచేయువారికి వారపు కూలి చేతికి వచ్చునది ఆనాడే. మిరపకోతలు, పత్తితీతలు సాగు నెలలలో ఇంటింట నాలుగు డబ్బులు ఎక్కువగా ఆడును. రాత్రి పది గంటలకు మా గుమ్మము తట్టువారు ఎవరో తలుపు తీయకముందే మాకు తెలియును: నుదుట దెబ్బ తగిలిన ఒక తల్లియో, చెల్లెలి చేయి పట్టుకొని వచ్చిన ఒక బాలుడో. మద్యపానమును ఖండించుచు మేము చేసిన ప్రసంగములకు లెక్కలేదు. ఆ ప్రసంగములు విని తాగుడు మానినవారి పేర్లు చెప్పుమన్నచో మేము తడబడుదుము. సంఘము ఈ విషయమున నిజముగా ఏమి చేయగలదని వెదకుచుండగా అజరయ్యగారి జీవితము మా చేతికి వచ్చినది.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళదేశమున తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్ళాళన్‌విళై గ్రామములో జన్మించినారు. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ గ్రామ గురువు. తల్లి ఎల్లెన్ గారు చిరకాలము ప్రార్థించి కనిన కుమారుడు గనుక శామ్యూలు అని పేరు పెట్టుకొన్నారు. ఆమె క్రమశిక్షణ కఠినమైనదని, కుమారునిలో కనబడిన కాఠిన్యము కొంత ఆమె నుండి వచ్చినదేనని చెప్పుదురు.

వారు నాడార్లు. ఆ కులమువారి పూర్వపు వృత్తి తాటిచెట్టు గీయుట. చెట్టు నుండి దిగు రసము ఒక్కటే. లొట్టి లోపల సున్నము పూసినచో అది పులియక తీపిగా నిలుచును, కాచినచో బెల్లమగును. సున్నము పూయక వదలినచో మధ్యాహ్నమునకు కల్లగును. పిడుగురాళ్ళ, దాచేపల్లి సున్నపు బట్టీల నడుమ పెరిగిన మనవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. తిరునెల్వేలి క్రైస్తవ గ్రామములలో చెట్టు ఎక్కువారు చెట్టు విడిచిపెట్టలేదు. బెల్లము వండుకొని బ్రదికినారు. జీవనోపాధి పోకుండ కల్లు పోవు మార్గమొకటి ఉన్నదని బాలుడైన అజరయ్య తన ఊరిలోనే చూచి యుండును.

ఆయన మెజ్ఞానపురములోను, తిరునెల్వేలిలోను చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరినారు. గణితశాస్త్రము ఆయన విషయము. తుది పరీక్షల సమయమున జబ్బుపడుటవలన పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చినారు. మరల పరీక్షకు కూర్చుండలేదు. (పేరు వెనుక అక్షరములు లెక్కించుకొను మావంటి వేదశాస్త్ర కళాశాలలవారు ఈ సంగతి కొంచెము ఆగి తలంచుకొనవలెను.) 1895లో క్రైస్తవ యువజన సంఘమునకు కార్యదర్శియై, పదునాలుగేండ్లు దక్షిణదేశమంతట తిరిగినారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడినారు. కట్నము పుచ్చుకొనలేదు, పెండ్లి అతి స్వల్ప ఖర్చుతో జరిగినది. ఆ దినములలో పెండ్లి అప్పు తండ్రి నుండి కుమారునికి దిగుచుండెడిది. పెండ్లికి అప్పు చేయరాదని పిమ్మట వేలమందికి బోధించుటకు ఆయనకు గల అధికారము ఇక్కడ సంపాదించినదే.

ఈ యువజన సంఘపు సంవత్సరములలో ఆయన నేర్చుకొన్నది సంస్థలు కట్టుట. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులచేత స్వంత మిషనెరీ సంఘము స్థాపింపజేసినారు. 1905 క్రిస్మసు దినమున శ్రీరామపురములో జాతీయ మిషనెరీ సంఘము స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. మనుష్యులు ఈ దేశమువారు, ధనము ఈ దేశపుది, నిర్వహణ ఈ దేశమువారిది అని వారి నియమము. తిరునెల్వేలి సంఘము పంపిన మిషను నైజాం రాజ్యములో దోర్నకల్ వద్ద పని మొదలుపెట్టగా, 1909లో ఆయన మంచి ఉద్యోగమును వదలి, అభిషేకము పొంది, అక్కడికే వచ్చినారు. ముప్పది అయిదేండ్ల వయస్సున తెలుగు నేర్చుకొనుటకు కూర్చున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రలులో అధ్యక్షులుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు అధ్యక్షుడగుట అదే మొదలు.

నడుమ 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము ఈనాటికిని వేదశాస్త్ర విద్యార్థులు చదువుకొనునది. పాశ్చాత్య మిషనెరీలు ధనము ఇచ్చినారు, దేహములను సైతము ఇచ్చినారు. తమకు కావలసినది స్నేహితులని ఆయన అక్కడ నిలువబడి అడిగినారు. పలువురు నొచ్చుకొన్నారు. ఆ కోరికను పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెను. తాగుబోతును గూర్చి మాట్లాడునప్పుడు మేము మరల దానియొద్దకు రావలసి యున్నది.

దోర్నకల్ నేడు రైల్వే జంక్షనుగా అందరికిని తెలిసినదే. ఆనాడు చుట్టును అడవి, నల్లరేగడి, జొన్నచేలు. ప్రభువును అంగీకరించినవారు అధికముగా మాల, మాదిగ సహోదరులు. దొర పొలములో వెట్టి, షాహుకారు వద్ద అప్పు, అప్పు తీర్చలేక కుటుంబమంతయు భగేలాగా కట్టుబడియుండుట. ఈతకల్లు, తాటికల్లు, ఇప్పసారా అడుగడుగున దొరకెడివి. డప్పు కొట్టినవానికి, పీనుగు మోసినవానికి, జాతరలో కష్టపడినవానికి కూలిలో భాగముగా తాగుటకు పోయుట ఆచారము. అటు నైజాం సర్కారునకు, ఇటు మద్రాసు సర్కారునకు ఆబ్కారీ రాబడి పెద్ద ఆధారము. ఒక మనుష్యుని తాగుము అని చెప్పువారు ఇందరు ఉండగా, మానుము అని చెప్పుటకు ఒక్క ఉపదేశి చాలునా?

అజరయ్యగారు గ్రామములలో నాలుగు దయ్యములను గూర్చి మాటిమాటికి బోధించెడివారు. మురికి, రోగము, అప్పు, తాగుడు. ఆంగ్లములో నాలుగును ఒకే అక్షరముతో మొదలగును. గ్రామస్థులు నాలుగు వ్రేళ్ళమీద జ్ఞాపకముంచుకొనుటకు అనువుగా ఉండునని అట్లు చెప్పినారని అనుకొనవచ్చును. అయితే మాకు ముఖ్యముగా కనబడునది వేరు. తాగుడును ఆయన ఒంటరిగా నిలువబెట్టి కొట్టలేదు. అప్పు ఉన్నవాడు దిగులు మరచుటకు తాగును. తాగినవాడు మరల అప్పు చేయును. ఆ ఇంట పిల్లలకు రోగము వచ్చును. రోగమునకు మరల అప్పు. ఒకదానిని వెళ్ళగొట్టి మూడింటిని ఇంట నుంచినచో వెళ్ళినది తిరిగి వచ్చును. మా ప్రసంగములు విఫలమైనది ఇక్కడనే యని మాకు ఆలస్యముగా తెలిసినది.

కనుక దోర్నకల్ అధ్యక్షఖండము ఆ నాలుగింటితో ఎట్లు పోరాడినదో కొంచెము వివరముగా చెప్పవలెను. మొదటిది, బాప్తిస్మము ఒక్కొక్కరికి విడివిడిగా గాక తరచు పల్లె పల్లెకు, కుటుంబములు కుటుంబములకు జరిగెడిది. దానికి ముందు నెలల తరబడి బోధ. తాగుడు, చచ్చిన గొడ్డు మాంసము, విగ్రహములకు జరుపు జాతరలు మానవలెనన్నది ఆ బోధలో భాగము. పల్లె అంతయు కలిసి నిర్ణయించుకొన్నది గనుక, మానినవానిని వెక్కిరించు పొరుగువాడు పల్లెలో తక్కువ. మానుటకు ఇది ఎంత సహాయమో, ఒంటరిగా మానచూచి ఓడిపోయిన ఎవరినైనను అడిగి తెలిసికొనవచ్చును.

రెండవది ఉపదేశి. అంతకంటె ముఖ్యముగా ఉపదేశి భార్య. దోర్నకల్‌లో పనివారిని తరిఫీదు చేయునప్పుడు భర్తతోకూడ భార్యకును పాఠములు ఉండెడివి. అన్బు అమ్మగారు స్త్రీల పనిలో స్వయముగా పాటుపడినారు. పల్లెలో కాపురముండు ఉపదేశి భార్య చదువు, శుభ్రత, బిడ్డల పెంపకము నేర్పుచుండగా, ఏ ఇంట పొయ్యి రాజలేదో, ఎవరి పుస్తె తాకట్టులో ఉన్నదో మొదట ఎరిగినది ఆమెయే. ఇంటి తాగుడును గూర్చి ఇంటి స్త్రీకి తెలిసినంత ఏ పంచాయతీకిని తెలియదు. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు లేచి సారా దుకాణమును వెళ్ళగొట్టినప్పుడు రాష్ట్రమంతయు ఆశ్చర్యపడినది. రాత్రిబడి వెలుగులో స్త్రీలు కూడుకొన్నచోట ఏమి జరుగునో ఎరిగినవారికి అందులో ఆశ్చర్యము లేదు.

మూడవది సంఘపు పంచాయతీ. పెద్దలు కూర్చుండి తగాదాలు తీర్చెడివారు. తాగి భార్యను కొట్టినవానిని పిలిచి అడిగెడివారు. నాలుగవది సహకార పరపతి సంఘము. పెండ్లికో, ఎద్దుకో షాహుకారు గడప త్రొక్కకుండ అప్పు దొరకు మార్గము. వీటికి తోడు చిన్న చిన్న వైద్యశాలలు, బడులు, పనులు నేర్పు పాఠశాలలు. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూర తిరిగి అధ్యక్షులు వీటన్నిటిని స్వయముగా పరీక్షించెడివారు. జాతరలకు బదులు పంట పండుగలు, భజనలు, కతీడ్రలు ఉత్సవములు ఏర్పడినవి. తాగకుండ సంతోషపడుటకు ఒక స్థలము లేనిచో మనుష్యుడు తాగి సంతోషపడు స్థలమునకే పోవునని ఆయన గ్రహించినారు. ఏటేట సాక్ష్యపు వారము జరిపించి, చదువురాని కూలివానిని సైతము ప్రక్క ఊరికి పంపి, ప్రభువు తనకు చేసినది చెప్పుమనెడివారు. నిన్న మొన్నటి తాగుబోతు నేడు శుభ్రమైన పంచె కట్టి నిలుచుట ఏ ప్రసంగమునకు తీసిపోవును?

ఫలితము కొంత కనబడినది. 1920ల నుండి 1930ల వరకు ఆ ప్రాంతమున శూద్ర కులములవారు అనేకులు సంఘములో చేరుటకు ముందుకు వచ్చినారు. మాల, మాదిగ పల్లెలలో తాగుడు, తగాదాలు తగ్గి, బిడ్డలు బడికి పోవుట చూచి తాము వచ్చినామని వారిలో పలువురు చెప్పుకొన్నారు. ఆసాములకు పాలేర్లు పాఠము చెప్పినట్లయినది.

అయినను అజరయ్యగారిని దేవదూతగా చిత్రించుట మా ఉద్దేశము గాదు. ఆయన కఠినులు. క్రమము తప్పినవారిని సంస్కారము నుండి నిలుపుట ఆయన పాలనలో నిజమైన శిక్ష. ఆ శిక్షకు భయపడి మానినవారు ఉన్నారు. భయపడి దాచుకొని తాగినవారును ఉండక మానరు. శిక్షకు లోబడి తిరిగి వచ్చువానిని చేర్చుకొనుటకు చుట్టును ఉపదేశి, ఉపదేశి భార్య, పంచాయతీ, పరపతి సంఘము ఉన్నంతకాలము ఆ కాఠిన్యములో కొంత మేలు ఉన్నది. తరువాతి తరములవారమైన మనము కాఠిన్యమును జాగ్రత్తగా కాపాడుకొని, చుట్టునున్నవాటిని విడిచిపెట్టినాము. ఇది మా అభిప్రాయము. కాదనువారితో మేము వాదింపము.

మద్యపానము విషయమున ఆయనకును గాంధీగారికిని భేదము లేదు. మతము మారు స్వేచ్ఛను గూర్చి 1930లలో ఇద్దరి నడుమ గట్టి భేదము వచ్చినది. అది వేరు చరిత్ర. రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము మొదలుపెట్టి, పిమ్మట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. మన రాష్ట్రములో సారా 1993లో ఆగినది, సంపూర్ణ నిషేధము 1995లో వచ్చినది, 1997లో సడలినది. శాసనము దుకాణమును మూయించగలదు. చేతులు వణకుచు ఇంటిలో కూర్చున్న మనుష్యునికి ఆ రాత్రి ఏమి చేయవలెనో శాసనము చెప్పదు.

ఆ ప్రశ్నకు జవాబు అజరయ్యగారి కాలముననే సముద్రముల ఆవల దొరకుచుండెను. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ నగరమున బిల్ విల్సన్ అను దళారి, మరల తాగుదునేమో యను భయముతో హోటలు నుండి ఒక ఎపిస్కోపల్ గురువునకు ఫోను చేసినాడు. ఆయన ద్వారా కలిసినవారి సహాయమున బాబ్ స్మిత్ అను తాగుబోతు వైద్యుని యొద్దకు చేరినాడు. ఇద్దరు తాగుబోతులు గంటల తరబడి మాట్లాడుకొని, ఒకరి సహాయముతో ఒకరు మానుకొన్నారు. నేడు లోకమంతట ఉన్న ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము అట్లు మొదలైనది. వారికి జీతగాడైన బోధకుడు లేడు, చందా లేదు. ఒకప్పుడు తాగినవాడు నేడు తాగుచున్నవానికి స్నేహితుడగును. పద్ధతి అంతయు అదే. ఎడింబరోలో అజరయ్యగారు అడిగినది జ్ఞాపకము చేసికొనుడి.

అజరయ్యగారు 1939 జనవరి 6న దోర్నకల్‌లో ఎపిఫనీ కతీడ్రలును ప్రతిష్ఠించినారు. ఈ దేశపు శిల్పరీతులు కలిపి కట్టించిన ఆ మందిరమునకు దశాబ్దములు పట్టినది. దక్షిణ ఇండియా ఐక్య సంఘము కొరకు చిరకాలము పాటుపడి, 1947లో అది ఏర్పడుట చూడకయే, 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించినారు.

ఇక మా తప్పు ఒకటి చెప్పవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో బట్టీ పనిచేయు ఒక సహోదరుడు ఉండెను. తాగుడు విషయమున మేమే ఆయనను రెండేండ్లు ప్రభు భోజనమునకు దూరముగా ఉంచినాము. శ్రమకాలపు కూటములలో ఆయన ఏడ్చుచు ముందుకు వచ్చి, ఇక ముట్టనని ప్రమాణము చేసినాడు. మేము సంతోషించినాము. రెండవ దినమున ఆయనకు మూర్ఛ వచ్చినది. మూడవ రాత్రి గోడమీద ఏవో పాకుచున్నవని కేకలు వేసినాడు. ఇంటివారు దయ్యమన్నారు. మేమును పెద్దలును తెల్లవార్లు ప్రార్థించినాము; వైద్యుని తలపు ఎవరికిని రాలేదు. ఉదయము ఆయన భార్య మమ్మును అడుగకయే ఆటో పిలిచి గుంటూరు తీసికొనిపోయినది. ఇంకొక పూట ఆలస్యమైనచో బ్రదుకడని అక్కడి వైద్యులు చెప్పినారు.

అనేక సంవత్సరములు విస్తారముగా తాగినవాడు ఒక్కసారిగా మానినచో నరములు తిరుగబడునని, వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగునని, అది ప్రాణాపాయమని, మందులతోను బి-1 విటమినుతోను వైద్యుని ఎదుట దాటవలసిన దినములని మాకు అప్పుడు తెలిసినది. వేదశాస్త్ర కళాశాలలో మాకు గ్రీకు నేర్పినారు, ఇది నేర్పలేదు. ఆ దినములు గడచుట మొదటి మెట్టు మాత్రమే. తరువాత నెలలు, సంవత్సరములు మాటలాడువారు కావలెను. పని, అప్పు, ఇల్లు చక్కబడవలెను. గంజాయికి, మత్తుమాత్రలకు అలవాటుపడిన యువకుల విషయమునను మందులు మారును గాని వరుస ఇంచుమించు ఇదే. ఇట్టివారి కొరకు దేశమంతటికి 14446 అను ఉచిత ఫోను నంబరు ఉన్నది. మా మందిరపు తలుపు లోపల ఆదివారపు పాటల నంబర్ల పలక క్రింద దానిని సున్నముతో వ్రాయించినాము.

ఆ సహోదరుడు గుంటూరు నుండి తిరిగి వచ్చిన ఆదివారము ఆయనను బల్లయొద్దకు పిలువవలెనా, ఇంకను పరీక్షింపవలెనా అని పెద్దలు వాదించినారు. మేము పిలిచినాము. ఆరు నెలల తరువాత ఆయన ఒకసారి జారిపడినాడు. మరల గుంటూరు పోయి వచ్చినాడు. మరల పిలిచినాము. ఒక పెద్ద కోపించి కొంతకాలము మందిరమునకు రాలేదు. స్త్రీల సమాజమువారు వారమునకు ఇంత అని చీటి వేసి, ఆయన భార్య తాకట్టు పెట్టిన పుస్తెలను విడిపించినారు. ఇప్పుడు శనివారము రాత్రి ఏడు గంటలకు, బట్టీల కూలి ముట్టిన వెంటనే, ఆయనయు మానిన మరి ఇద్దరును మందిరపు అరుగుమీద కూర్చుందురు. ఎవరైనను రావచ్చును; ఏ సంఘమువాడని అడుగరు. కొన్ని వారములు ముగ్గురే ఉందురు. గత మిరపకోతల కాలమున తొమ్మిదిమంది వచ్చినారు. మేము టీ పంపుదుము, పిలిచినప్పుడు తప్ప అక్కడికి పోము.